పేదరికానికి కొలతలు

తగిన పేదలు దొరకనందున ఈ ఏడు కూడా నిధి చెక్కుచెదరలేదని పేద విద్యార్థుల న్యాయవిద్యా సహాయ సంఘం వారు సంతోషంతో ప్రకటించారు. దాతలు ఊపిరి పీల్చుకున్నారు. నిధిని కంటికి రెప్పలా కాపాడినందుకు అధ్యక్షులైన పెద్ద వకీలుగారిని సన్మానించారు కూడా.

కోర్టు ఎదుటి సందులో నల్లకోట్లు కుట్టే దర్జీకి ఈ సంగతి తెలియదు. తెలిసినా ఆగేవాడు కాదు; కూతురికి లా కాలేజీలో సీటొచ్చింది. ఆమె పలక పట్టిన నాటినుంచీ చదువుల పొదుపు పథకంలో అంతో ఇంతో వేస్తూనే ఉన్నాడు. తీరా చూస్తే అది ఏటా సగం ఫీజుకే సరిపోతుంది. మిగతా సగం కోసం సంఘం ఆఫీసు మెట్లెక్కాడు.

గుమాస్తా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మరీ కుదరదన్నాడు.

"మొత్తం దాచుంటే మాతో పనే లేదు. అసలు దాచకపోయుంటే పిలిచి ఇచ్చేవాళ్లం. మీరేమో సగం దాచారు. సగం పేదలకి మా రూల్సులో జాగా లేదండీ. తాగుడూ గట్రా ఏమన్నా ఉందా?"

"లేదు బాబూ."

"అదే వచ్చిన చిక్కు! సరే, అమ్మాయిని ఇంటర్వ్యూకి పంపండి. పెద్దలు చూసి పేద అంటే ఇక పేదే."

సంఘంలో కాగితాలను నమ్మే ఆచారం లేదు. కాగితాలు ఎవరైనా పుట్టించగలరు. అందుకని అభ్యర్థిని నిలబెట్టి, నలుగురు పెద్దలు ఎగాదిగా చూసి, కంటితోనే పేదరికాన్ని నిర్ధారిస్తారు.

కూతురు పెద్దల ముందు నిలబడాలి కదా అని దర్జీ కోట్లలో మిగిలిన ముక్కలన్నీ ఏరి డ్రెస్సు కుట్టాడు. ఇంటర్వ్యూలో ఆమె అడిగినవాటికల్లా టకటకా జవాబు చెప్పింది. ఎవరూ వినలేదు. అధ్యక్షులవారి చూపు ఆమె భుజం కుట్టు దగ్గరే ఆగిపోయింది.

"మా అమ్మాయికి కూడా ఇంత తీరైన బట్టల్లేవు. ఇదేనా తల్లీ నీ పేదరికం?"

మిగతా ముగ్గురూ తలలూపారు. అయినా దయతలచి, వారంలోగా కంటికి ఆనే పేదరికంతో మళ్లీ హాజరు కావచ్చునని సెలవిచ్చారు.

పాత బట్టలు అరువు తెద్దామంటే వీధి వీధంతా దర్జీ కుట్టినవే తొడుగుతుంది. చేసేది లేక తానే ఒక చెత్త డ్రెస్సు కుట్టడానికి కూర్చున్నాడు. సుద్దతో వంకర గీత గీసి, దాని మీదుగానే మెషిను తొక్కాడు. ఆ వంకర ఎంత ముద్దొచ్చిందంటే, కోటు కోసం వచ్చిన ఒక వకీలుగారి భార్య తనకూ ఆ ఫ్యాషనే కావాలని కొలతలిచ్చి వెళ్లింది.

"ఇన్నేళ్లొచ్చాయి, ఒక్క కుట్టు పాడు చెయ్యడం చేతకాదేమయ్యా నీకు?" అంది దర్జీ భార్య.

"చెయ్యి పోవట్లేదే!"

"నువ్వు లే నాన్నా, నేను కుడతా," అంది కూతురు. మెషిను దగ్గరికి వచ్చినప్పుడల్లా పుస్తకం తియ్యమని తరిమాడు గనుక ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. సాయంత్రానికి డ్రెస్సు తయారైంది. ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగింది, రెండోది వేళ్లను మింగింది. కాలరు చెవి వైపు చూస్తోంది. దర్జీ గోడకేసి తిరిగాడు.

తల్లి మాత్రం మురిసిపోయింది. "నా తల్లే! ఎంత దరిద్రంగా కుట్టావే!"

రెండో ఇంటర్వ్యూలో ఆ డ్రెస్సు చేతులు చూసి పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. సగం ఫీజు ఏకగ్రీవంగా మంజూరైంది.

సాయం అందజేసే సభకు వకీళ్లంతా దర్జీ కుట్టిన కోట్లతోనే వచ్చారు. మనమూ అలాగే వెళ్లాం. అదే డ్రెస్సుతో రమ్మని కబురంపిన అధ్యక్షులవారు, ఆ పిల్లను వేదిక అంచున నిలబెట్టి పొడుగు చేతిని పైకెత్తి చూపించారు.

"ఈ బిడ్డ తండ్రి మన కోర్టు ఎదుటి దర్జీ! కన్నకూతురికి అతడు కుట్టిన బట్టలు చూడండి! పేదరికం మనిషి పనితనాన్ని కూడా తినేస్తుంది, మిత్రులారా!"

దర్జీ చివాలున లేచాడు. అది నేను కుట్టింది కాదన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే సాయం రద్దు. వేదిక మీంచి కూతురు అతన్నే చూస్తోంది. దగ్గి, కూర్చున్నాడు.

"కృతజ్ఞతతో నోట మాట రావడం లేదు, పాపం," అన్నారు అధ్యక్షులు.

మర్నాటినుంచీ వకీళ్లు ఒక్కొక్కరే వచ్చి, కోట్లకిచ్చిన గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. "ఏమనుకోకు. పనితనం తగ్గిందని ముందే చెప్పొద్దూ?" అని చనువుగా మందలించారు కూడా. కొట్టు మూతపడింది. మెషిను అమ్మారు. దాచిన సొమ్ములో మిగిలింది తిండికే చెల్లిపోయింది.

మరుసటి ఏడు ఆ పిల్ల పెద్దల ముందు నిలబడినప్పుడు ఎవరూ ఏమీ కుట్టాల్సిన పని పడలేదు. ఈసారి మొత్తం ఫీజు మంజూరు చేశారు.

"ఈ కుటుంబం పేదదని అందరికంటే ముందు కనిపెట్టింది మేమే," అన్నారు అధ్యక్షులు సభలో. "మా కన్ను ఏనాడైనా తప్పిందా?"

మనమంతా లేచి చప్పట్లు కొట్టాం. కొత్త దర్జీ కుట్టిన కోట్లు చంకల్లో బిగిసి చేతులు సరిగ్గా లేవలేదు గాని, లేకపోతే ఇంకా గట్టిగానే కొట్టేవాళ్లం.