మల్లమ్మ స్థానికత

ఒక మనిషి ఏ ఊరివాడో ఆ మనిషినే అడగడం అశాస్త్రీయమని ప్రభుత్వం ఆ ఏడాది తేల్చింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకేనని ఉద్యమం రోడ్డెక్కింది. కొండాపూర్ చౌరస్తాలో వంటావార్పులు జరుగుతున్నాయి. మరోపక్క, ప్రాంతీయ కార్యాలయాల్లో జనం ఎక్కువయ్యారని సచివాలయం ఎప్పటినుంచో మూలుగుతోంది. ఈ రెండు బాధలకూ ఒకే ఉత్తర్వు చాలని కనిపెట్టిన అధికారికి పదోన్నతి వచ్చింది. (ఆయన కార్యాలయానికి ఆ ఉత్తర్వు వర్తించదు.)

ఉత్తర్వు తేలికైనదే. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివితే అక్కడివాళ్లు. స్థానికులు ఉంటారు, కానివాళ్లు సొంత జిల్లాకు వెళతారు, ఏ జిల్లావాళ్లో తేలనివాళ్ల పోస్టు రద్దవుతుంది.

ఫారాల సరఫరా శాఖ కొండాపూర్ కార్యాలయంలో వడపోత మొదలైంది. సూపరింటెండెంట్ ఓబులేసుది కడప జిల్లా. హైదరాబాదు హాస్టల్లో చదివాడు గనక స్థానికుడు. టైపిస్టు భ్రమరాంబ ఈ నగరంలోనే పుట్టింది. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల గుంతకల్లులో చదివింది గనక బడి వదిలాక ఎన్నడూ తొంగిచూడని సొంత జిల్లాకు సామాను సర్దుకుంది.

మిగిలింది మల్లమ్మ. పందొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసు ఊడుస్తోంది. వచ్చే ఏడు పర్మనెంటు చేస్తామని పందొమ్మిదేళ్లుగా చెబుతున్నారు. చదువు కాలమ్ దగ్గర ఓబులేసు కలం ఆగింది.

"ఏడ చదివినావు మల్లమ్మా?"

"నేను బడికి పోతే బర్లనెవరు కాస్తుండె సారూ?"

"మరి ఏ ఊరని రాసేది?"

"గీ ఊరే. గా అద్దాల మేడ కాడ మా ఇల్లుండె. మీరు కూసున్న కాడ మా నాయిన జొన్నలేస్తుండె."

ఓబులేసు మంచివాడు. ఒకసారి కుర్చీ కిందికి చూశాడు. జొన్నకు కాలమ్ లేదు.

చదవనివాళ్లు ఏడేళ్లు ఇక్కడే ఉన్నట్టు నివాసపత్రం తేవచ్చని మాత్రం వెతికి చెప్పాడు. దాని ఫారం ఆ కార్యాలయం నుంచే రాష్ట్రమంతటికీ వెళుతుంది గనక అక్కడ దొరకలేదు. జిరాక్సు షాపులో దొరికింది. అది పట్టుకుని మల్లమ్మ తహసీల్దారు ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా బుల్లిబాబు పాత రికార్డు చెదలు తిన్నదని, ఆమె ఇంటి సర్వే నంబరు ఇప్పుడు అద్దాల మేడ కంపెనీ పేర ఉందని, ఈమె ఇక్కడ ఉండేదని కంపెనీవాళ్లు రాసిస్తే ముద్ర వేస్తానండీ అని మర్యాదగా చెప్పాడు.

అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీ కొమురయ్య ఎక్కడికని అడిగాడు. మా ఇంటికి అంది మల్లమ్మ. రిజిస్టరులో ఆ మాట రాయడానికి అతనికి మనసొప్పలేదు. ఫొటో తీసి, పేరు, వేళ అచ్చయిన కార్డు మెళ్లో వేసి పంపాడు.

లోపల ప్రియాంక అనే ఆఫీసరమ్మ కుర్చీ వేసి, చల్లని నీళ్లిచ్చింది. ఉత్తరం ఇవ్వడం పాలసీలో లేదంది.

"మా కంపెనీ స్థలం తీసుకునేసరికి ఇక్కడ ఏమీ లేదండీ."

"మేముంటిమి బిడ్డా."

ప్రియాంక సారీ చెప్పింది. మనస్ఫూర్తిగానే చెప్పింది.

పోయేటప్పుడు కార్డు గేటు దగ్గర ఇచ్చేయాలి. కొమురయ్య దానిమీద బయటికి వెళ్లిన వేళ రాశాడు, కార్డు మాత్రం తీసుకోలేదు. "ఉంచుకో అవ్వా" అన్నాడు. పేరూ మొహమూ ఆ స్థలమూ ఒక్కచోట ఉన్న కాగితం మల్లమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదొక్కటే. దాన్నే దరఖాస్తుకు జతచేసింది.

స్థానికత తేల్చడానికి వేసిన సంఘం ఆ కార్డును ఎంతో శ్రద్ధగా పరిశీలించింది. పేరు సరిపోయింది. ఫొటో పోలింది. స్థలం ఆమె చెప్పిందే. లోపలికి వచ్చింది పదకొండుంపావుకు, వెళ్లింది పావుతక్కువ పన్నెండుకు. అర్జీదారు ఈ ప్రాంతంలో నివసించిన కాలం అరగంట అని, నియమానికి ఆరేళ్ల మూడువందల అరవైనాలుగు రోజుల ఇరవైమూడున్నర గంటలు తక్కువ పడిందని సంఘం విచారంతో నమోదు చేసింది.

పోస్టు రద్దు ఉత్తర్వు చదివి వినిపించి ఓబులేసు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"భ్రమరాంబమ్మను గుంతకల్లు దిక్కు పంపిన్రు. నన్నేడికి పంపుతున్రు సారూ?"

"యాడికీ లేదు మల్లమ్మా."

కొండాపూర్ కార్యాలయంలో ఇకపై నూటికి నూరుపాళ్లు స్థానికులే ఉన్నారని, ఇది నేలతల్లి బిడ్డల విజయమని ఆ సాయంత్రం ప్రకటన వెలువడింది. కింద నేలతల్లి బిడ్డల తరఫున ఓబులేసు సంతకం చేశాడు.