అయిదున్నర శతాబ్దాల పాప

"ఫనోంవారి జిల్లాలో ఇకమీదట ఏ విదేశీయుడూ వీసా గడువు దాటి ఒక్క పూట ఉండడు, ఉండబోడు, ఉండాలన్న ఆలోచన కూడా చెయ్యడు!" అని మా థాయ్‌లాండు పోలీసు కల్నల్ వొరవిట్‌గారు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు మెట్లమీద నిలబడి ప్రకటించారు. ఆయన వెనక కట్టిన బ్యానరుమీద ఈ మాటలు చిన్న అక్షరాల్లోనూ, ఆయన ఫొటో పెద్ద సైజులోనూ ఉన్నాయి. ఈ మహత్కార్యం ఏప్రిల్లో వచ్చే మా కొత్త సంవత్సరం పండగలోపల, అంటే తొమ్మిది రోజుల్లో పూర్తయిపోతుందట. అందుకోసం ఆయన స్వయంగా ఎంపికచేసి తెప్పించిన కొత్త కంప్యూటరుకి బంతిపూల దండ వేసి, తొమ్మిదిమంది భిక్షువుల చేత మంత్రజలం చల్లించారు. రెండు చుక్కలు కీబోర్డులోకి కూడా వెళ్లాయి.

అందరితోపాటు సాయ్‌బువా కూడా చప్పట్లు కొట్టింది. క్యూలో మొదట ఉన్నది ఆవిడే, కొట్టకపోతే ఏం బాగుంటుంది?

సాయ్‌బువా బస్టాండు దగ్గర పచ్చిబొప్పాయి సలాడ్ దంచి అమ్ముతుంది. ఆవిడ కూతురు ఫిన్లండు మనిషిని పెళ్లాడి అక్కడే ఉంటోంది. మనవరాలు టెంగ్‌మోకి ఏడేళ్లు. ఆ పేరుకి అర్థం పుచ్చకాయ. అసలు పేరు బళ్లో హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. పాపకి రెండు దేశాల పౌరసత్వమూ ఉంది. కిందటి జూలైలో ఇక్కడికి వచ్చేసరికి థాయ్ పాస్‌పోర్టు గడువు తీరిపోయి ఉంది కాబట్టి ఫిన్లండు పాస్‌పోర్టుమీద దిగింది. అరవై రోజులు ఉండమని ముద్ర వేశారు. బళ్లో వేశాక అరవై రోజులు కాస్తా తొమ్మిది నెలలయ్యాయి. సొంత దేశంలో, సొంత అమ్మమ్మ ఇంట్లో ఉండటానికి గడువేమిటని సాయ్‌బువా ఆ ముద్ర సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు గుర్తొచ్చింది. కూతురికి నెలలు నిండాయి. పండగ మర్నాడే పాపకి విమానం. తమ్ముణ్ణి చూసుకుని, మే నెలలో బడి తెరిచేసరికి తిరిగి వచ్చెయ్యాలి.

"ఏం కాదు పిన్నీ," అంది కౌంటరులో ఉన్న సార్జెంట్ జిత్రా. "పదిహేనేళ్లలోపు పిల్లలకి జరిమానా లేదు, నిషేధం లేదు. ముద్ర కొట్టి పంపించేస్తాం."

"నీ కడుపు చల్లగుండ! రాత్రి నిద్రపడితే ఒట్టు."

జిత్రా పాస్‌పోర్టుని కంప్యూటరు ముందు పెట్టింది. ఎర్రలైటు వెలిగి, అంబులెన్సు కూత కూసింది.

మా దేశంలో గోడమీది క్యాలెండరు బుద్ధుడి లెక్కన నడుస్తుంది, పాస్‌పోర్టులు విదేశీ లెక్కన నడుస్తాయి. రెంటికీ తేడా అయిదువందల నలభైమూడేళ్లు. ఇది బస్టాండులో బొప్పాయి దంచేవాళ్లక్కూడా తెలుసు. కొత్త కంప్యూటరుకి తెలియదు. అది ఈ రోజు తేదీని మా లెక్కలోనూ, పాప తేదీల్ని పాస్‌పోర్టు లెక్కలోనూ తీసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది.

"వయసు అయిదువందల యాభై," అని చదివింది జిత్రా. "గడువు దాటి అయిదువందల నలభైమూడేళ్ల ఏడు నెలలు."

కల్నల్‌గారు పరుగున వచ్చి తెర చూశారు. మొహం చాటంత అయింది.

"సార్జెంట్! దేశ చరిత్రలో ఇంత పెద్ద కేసు ఎవరైనా పట్టుకున్నారా?"

"సార్, పాపకి ముందు పళ్లు ఇంకా రాలేదు."

"ఈ వయసులో పళ్లెలా ఉంటాయి?"

"అది కాదు సార్, కంప్యూటరు లెక్క తప్పు..."

"కంప్యూటర్ని ఎంపిక చేసిందెవరు?"

జిత్రా కంప్యూటరు మెడలో దండ సర్దింది. కల్నల్‌గారి మీద ఆవిడకి అంత గౌరవం.

"బాబూ," అంది సాయ్‌బువా, "నాకే అరవైమూడు. అది నా మనవరాలు."

"అదెలా సాధ్యమో మీరే సంజాయిషీ ఇవ్వాలి పెద్దమ్మగారూ. పిల్లల మినహాయింపు పదిహేనేళ్ల లోపు వాళ్లకే. ఈ కేసులో దేశంనించి పంపేసి, పదేళ్లపాటు తిరిగి రాకుండా నిషేధం పెట్టాలి."

పదేళ్లు! సాయ్‌బువా వేళ్లమీద లెక్క వేసింది. పదేళ్ల తర్వాత పుచ్చకాయ పదిహేడేళ్ల పిల్లవుతుంది. అప్పటికి తను రోకలెత్తగలదో లేదో, అసలు ఉంటుందో ఉండదో. ఏడుపొచ్చింది. కానీ పాప చూస్తోందని పమిట లాంటి తన గళ్ల తువ్వాలుతో చెమట తుడుచుకున్నట్టు నటించింది.

మధ్యాహ్నం పత్రికలవాళ్లు వచ్చారు. మా పోలీసులకి ఒక చక్కని ఆచారం ఉంది. ఎవర్ని పట్టుకున్నా మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి, అందరూ చూపుడువేళ్లు ఆ మనిషివైపు చూపిస్తూ ఫొటో దిగుతారు. లేకపోతే నేరస్థుడెవరో పాఠకులకి తెలియదు. అయిదుగురు ఆఫీసర్లు ఎర్రలైటు కింద టెంగ్‌మోకి వేళ్లు చూపించారు. ఇదేదో ఆట కాబోలనుకుని టెంగ్‌మో కూడా కల్నల్‌గారికి వేలు చూపించింది. ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ పడింది.

ఈ విజయం తర్వాత కంప్యూటరుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, పండగకి వస్తున్న మంత్రిగారు చూసేవరకూ ఎవరూ ముట్టుకోకూడదని కల్నల్‌గారు ఆర్డరు వేశారు. ఎర్రలైటు వెలగగానే వేళ్లు ఒకేసారి లేవాలి కాబట్టి, రోజూ పొద్దున్నే సిబ్బందికి డ్రిల్లు కూడా పెట్టించారు.

మర్నాడు సాయ్‌బువా ఇంటి రిజిస్టరు పుస్తకం పట్టుకొచ్చింది. అందులో పాప పేరు థాయ్ పౌరురాలిగా స్పష్టంగా ఉంది.

కల్నల్‌గారు ఎంతో ఓపిగ్గా చదివారు. "బాగుంది. అయితే ఇద్దరున్నారన్నమాట. థాయ్ పాప హాయిగా మీ ఇంట్లో ఉండొచ్చు. ఫిన్లండు మనిషి మాత్రం పోవాలి."

"ఇద్దరికీ కలిపి రెండే కాళ్లున్నాయి బాబూ."

"చట్టం కాళ్లు చూడదు."

"పోనీ, ఫిన్లండుదై వెళ్లి థాయ్‌దై తిరిగి రావచ్చా?"

కల్నల్‌గారు జాలిగా నవ్వారు. "థాయ్ పాప వెళ్లనే లేదు కదా పెద్దమ్మగారూ. వెళ్లని మనిషి తిరిగి ఎలా వస్తుంది?"

ఇంతటి తెలివితేటల ముందు సాయ్‌బువా చేతులు జోడించి బయటపడింది. ఆ రోజు బస్టాండులో ఆవిడ దంచిన సలాడ్‌లో మిరపకాయలు ఎన్ని పడ్డాయో తిన్నవాళ్లకే తెలుసు. కల్నల్‌గారు మాత్రం ఆ ఇంటి రిజిస్టరు వివరాలు కూడా కేసులో ఎక్కించమని ఆర్డరు వేశారు. ఫైలు ఎంత లావుంటే అంత మంచిది.

పండగ వచ్చింది. ఆ రోజు ఒకళ్లమీద ఒకళ్లు నీళ్లు చల్లుకోవటం, పెద్దవాళ్ల చేతులమీద పరిమళజలం పోసి దీవెన అడగటం మా ఆనవాయితీ. మంత్రిగారు జిల్లాలో అందరికన్నా పెద్ద పౌరుడి చేతులమీదే నీళ్లు పోస్తానన్నారు. ఆయన కార్యదర్శి రికార్డులు వెతికిస్తే ఒక్కటే పేరు తేలింది. థాయ్ పౌరురాలు, అయిదువందల యాభై ఏళ్లు.

కల్నల్‌గారు తెల్లబోయారు. కంప్యూటరు తప్పంటే తన కేసు పోతుంది. ఒప్పంటే మంత్రిగారు ఖైదీకి మొక్కాలి. ఆయన ఒప్పే అన్నారు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఆవరణలో పందిరి వేశారు. టెంగ్‌మోని ఎత్తుకుర్చీలో కూర్చోబెట్టి మెళ్లో మల్లెదండ వేశారు. మంత్రిగారు మోకాళ్లమీద కూర్చుని, వెండిగిన్నెతో నీళ్లు పోసి, తల వంచారు. ఆయనకి అలవాటైన పనే. ఎవరి ముందు వంచుతున్నామో చూసుకునే అలవాటు లేదు.

"పెద్దలు దీవించాలి."

టెంగ్‌మో అమ్మమ్మకేసి చూసింది. సాయ్‌బువా తలూపింది. "చెప్పవే, నీ మనసులో ఉన్నది చెప్పు," అంది.

"తాతా, నువ్వు మంచి మార్కులు తెచ్చుకోవాలి," అంది టెంగ్‌మో. "నేను రేపు తమ్ముడి దగ్గరికి వెళ్లి, బడి తెరవగానే వచ్చెయ్యాలి. ఆ మావయ్య రావద్దంటున్నాడు."

మంత్రిగారు తలెత్తి కల్నల్‌గారిని చూశారు. "పెద్దావిణ్ణి రావద్దన్నదెవరు?"

"సార్, గడువు దాటి అయిదువందల నలభైమూడేళ్లు..."

"అయిదువందల నలభైమూడేళ్ల కిందట ఈ దేశంలో వీసా చట్టం ఉందా?"

"లేదు సార్."

"ఇమ్మిగ్రేషన్ ఆఫీసుందా?"

"లేదు సార్."

"లేని చట్టానికి గడువెక్కణ్ణించి వచ్చిందయ్యా? ముద్ర కొట్టు!"

కంప్యూటరుకి కవరుంది కాబట్టి జిత్రా సొరుగులోంచి పాత రబ్బరు ముద్ర తీసి ఠపీమని కొట్టింది. నిషేధం లేదు, జరిమానా లేదు. సాయ్‌బువా పాస్‌పోర్టు అందుకుని, రవికలోకి దోపుకుని, జిత్రాని గట్టిగా కావిలించుకుంది. ఈసారి కళ్లనీళ్లు దాచుకోలేదు. పండగనాడు అందరి మొహాలూ తడిగానే ఉంటాయి.

"ఇంత చరిత్రని వెలికితీసిన ఆ కంప్యూటరేది?" అన్నారు మంత్రిగారు. కవరు తీశారు. ఆయన ముచ్చటపడిపోయారు. "దేశంలో ప్రతి జిల్లాకీ ఒకటి కొనిపిస్తాను. ముందు నా పాస్‌పోర్టు పెట్టి చూపించు."

అది ఇంకా నాలుగేళ్లదాకా చెల్లే, మంత్రులకిచ్చే కొత్త ఎర్ర పాస్‌పోర్టు. కల్నల్‌గారు రెండు చేతులతో అందుకుని స్వయంగా పెట్టారు. కంప్యూటరు కాసేపు ఆలోచించింది. అంబులెన్సు కూత కూసింది. గడువు తీరిపోయి అయిదువందల ముప్ఫైతొమ్మిదేళ్లని రాసి, ఎర్రలైటు వెలిగించింది.

డ్రిల్లు వృథా పోలేదు. అయిదు చూపుడువేళ్లు ఒకేసారి లేచి మంత్రిగారిమీద నిలబడ్డాయి. పత్రికలవాళ్లు కెమెరాలెత్తారు.

ఎత్తుకుర్చీలోంచి టెంగ్‌మో వేలు కూడా లేచింది. సాయ్‌బువా ఆ చెయ్యి పట్టుకుంది. ఫొటో అయ్యేదాకా ఆగి, అప్పుడు కిందికి దింపింది.