నెక్కొండ దాకా సాగనంపుడు

గోదావరి పొంగి ఏటూరునాగారం వైపు ఊళ్లను ముంచిన మరుసటి ఏడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండే గ్యాంగ్‌మన్ పౌలు ఆ ఆదివారం పొద్దున ఒక్కటే అనుకున్నాడు. గుడికి పోయి వచ్చి, అన్నం తిని, కొడుకుతో కూర్చుని ఒక మాట తేల్చాలి.

కొడుకు గిద్యోను ఇంజనీరింగు మూడో ఏడు. కాలేజీవాళ్లు కొత్తగా ఒకటి పెట్టారు. ఇష్టమున్నవాడు చదువు మధ్యలో ఆపి ఆరు నెలలు బెజవాడ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని రావచ్చు. పోతే పని చేతికొస్తుంది, కానీ చదువు ఒక ఏడు వెనక్కి పడుతుంది. ఆలోగా పౌలు రిటైరవుతాడు, క్వార్టరు పోతుంది. పోకపోతే చదువు వేళకు ముగుస్తుంది. కానీ మిషను ముట్టనివాడికి కొలువు ఎవరిస్తారు? పోయేవాడు సోమవారం పొద్దుటికి అక్కడుండాలి. పోనివాడు సోమవారం క్లాసులో ఉండాలి.

"పోవాల్నా, వద్దా నాయినా?" అని గిద్యోను వారం నుంచి అడుగుతున్నాడు.

"చూద్దాం" అని పౌలు అంటున్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడింది దాదాపు అంతే.

గుడిలో, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, భార్య మార్తమ్మ లేచింది. కొడుక్కి దారి చూపమని ప్రార్థన కోరుదామనే లేచింది. పక్కన రాజక్క ఉంది. ఇంటి పక్క క్వార్టరు ఆమెది. ఆమె కొడుకు ఆనందం నిరుడు బెజవాడ ఫ్యాక్టరీలో కొలువుకు పోయాడు. ఆ సంగతి ప్రతి ఆదివారం లేచి చెప్పడం రాజక్కకు అలవాటు. అప్పుడే చెప్పి కూర్చుంది. మార్తమ్మ నోరు తెరిచింది.

"మా గిద్యోనుకు సుత ఫ్యాక్టరీల పని దొరికింది. ఇయ్యాల సాయంత్రం బండికే పోతాండు. దేవునికి స్తోత్రం!"

గుడంతా చప్పట్లు. గిద్యోను తల పట్టుకున్నాడు. పౌలు తలుపు వైపు చూశాడు.

బయటికి వచ్చాక పౌలు పాస్టరు దగ్గరికి పోయి, "అయ్యగారూ, అది ఇంకా..." అన్నాడు.

"ఇంకేంది పౌలూ! స్తోత్రం చెల్లించినంక దేవుని దగ్గర వాపసు తీస్కుంటమా?" అని పాస్టరు భుజం తట్టి, సంఘమంతా స్టేషనుకు రావాలని అక్కడే చెప్పేశాడు.

"ఎందుకన్నవే?" అన్నాడు పౌలు ఇంటికొచ్చి.

"రాజక్క మొఖం జూస్తే నోట్లకెళ్లి దాని అంతట అదే వచ్చింది" అని మార్తమ్మ ఏడ్చింది. "వారం సంది నువ్వు ఒక్క మాట చెప్తే నాకీ గోస ఉండునా?"

అప్పటికే రాజక్క మామిడికాయ తొక్కు సీసాతో, ఆనందం పాత దుప్పటితో గడపలో నిలబడింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మా ఆనందం ఆడ్నే ఉన్నడు. అన్ని జూసుకుంటడు."

"అడ్రసు చెప్పు అత్తా" అన్నాడు గిద్యోను.

"ఆడ అందరికి ఎరుకే" అని రాజక్క జల్ది వెళ్లిపోయింది.

సాయంత్రం ప్యాసింజరుకు సంఘం డోలక్‌తో సహా వచ్చింది. గిద్యోను మెడలో బంతిపూల దండ పడింది. పాట నడుస్తుండగా వాడు తండ్రి చెవిలో అన్నాడు. "నేను పోను నాయినా. సదువే పూర్తి జేస్కుంట."

పౌలు మొదటిసారి వెంటనే జవాబిచ్చాడు. "ఎక్కు. వరంగల్‌ల దిగుదాం." సామాను సర్దే వంకతో తనూ ఎక్కాడు.

వరంగల్ ప్లాట్‌ఫారం మీద, సంఘంలో ఆ ఊరివాళ్లంతా రెండో దండతో నిలబడి ఉన్నారు. కిటికీలోంచి గిద్యోను చేతులు పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. బండి కదిలేదాకా చేతులు వదల్లేదు.

నెక్కొండలో దిగారు. అక్కడ ఎవరూ పాడలేదు. పొద్దు గూకింది, తిరుగు బండి తెల్లవారితే గాని లేదు. ప్లాట్‌ఫారం చివర మిల్లు బస్తాలు మోస్తున్న ఒకడు వీళ్లను చూసి బస్తాల వెనక నక్కాడు. కాసేపటికి తవుడు పట్టిన తల ఒకటి పైకి లేచింది.

"ఆనందం?" అన్నాడు పౌలు.

"ఔ పెదనాయినా" అన్నాడు ఆనందం. "బెజవాడ పోయినంక పని లేదన్నరు. వాపసొద్దమని బండెక్కిన. ఈడిదాంక వచ్చినంక కాళ్లు రాలే. అంత పాట పాడి తోలిచ్చిండ్రు గద, ఏ మొఖం పెట్టుకొని వస్త?"

"మీ అమ్మకెరుకేనా?"

"ఎరుకే. అప్పుడప్పుడు వచ్చి చూసిపోతది."

గిద్యోను ఆ తవుడు తలను చూశాడు. బండి పోయిన వైపు చూశాడు. "ఇంటికే పోదాం నాయినా. నవ్వితే నవ్వనీ. ఈడ వారం ఉంటె నాకు సుత కాళ్లు రావు."

పౌలు తొక్కు సీసా, దుప్పటి ఆనందానికి ఇచ్చాడు. "నువ్వు గూడ రా బిడ్డా."

"వస్తే అమ్మ ఆదివారం ఏం చెప్పుకుంటది పెదనాయినా?" అన్నాడు ఆనందం. తువ్వాలలో నూకలు మూటగట్టి, అమ్మకిమ్మన్నాడు.

పొద్దున క్వార్టర్ల నల్లా దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉండగా తండ్రీకొడుకులు వచ్చారు. ఆ దారిన పోతున్న పాస్టరు సైకిలు దిగాడు.

"ఏంది పౌలూ, వాపసొచ్చిండ్రు? మరి స్తోత్రం?"

మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పౌలు నూకల మూట తీసి రాజక్క చేతిలో పెట్టాడు. ఆ తువ్వాలు ఆమె కొన్నదే.

రాజక్క మూటను చూసింది. పౌలును చూసింది. పాస్టరు మీదికి తిరిగింది. "సదువు సగంల ఇడిసి ఎవడన్న పోతడా అయ్యగారూ? పోరడు క్షేమంగ ఇంటికొచ్చిండు. ఆ స్తోత్రం దీనికే అనుకోండ్రి." మూటను కొంగు కింద దాచుకుంది.

పాస్టరు తలూపి సైకిలెక్కాడు. గిద్యోను మొఖం కడుక్కుని కాలేజీకి పోయాడు. పౌలు రెండు దండలనూ పెరట్లోని మేకకు మేతగా వేసి డ్యూటీకి పోయాడు.

అంత సాగనంపుడులో సంతోషించింది ఆ మేక ఒక్కటే.