ఒక్క గేర్‌బాక్సు కొనరాదు

కారు పెట్రోలుతో నడుస్తుందన్నది చదువుకున్నవాళ్లు కూడా నమ్మే అపోహ. కారు ఏకాభిప్రాయంతో నడుస్తుంది. కుటుంబంలో ఏకాభిప్రాయం లేనప్పుడు ట్యాంకు నిండా పెట్రోలు పోసినా, ఆ కారు వీధి పిల్లులు పడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ సత్యం నాకు ఈ వేసవిలో స్వానుభవం మీద తెలిసింది. ప్రజల ఉపయోగార్థం దీన్ని ఉచితంగా విడుదల చేస్తున్నాను.

నా పేరు కోదండరాం. జార్జి టౌన్‌లో తాళాలు, గొళ్లేలు, తలుపు బందులు టోకున అమ్మే అంగడి మాది. మా తాతగారు పెట్టిన నాటి నుంచి ఈ రోజు దాకా మా అంగట్లో ఒక్క తాళాన్ని విడిగా అమ్మిన సందర్భం లేదు. ఇంటికి తాళం వేయలేక ఎవరైనా పరుగున వచ్చి, ఒక్కటంటే ఒక్కటి ఇవ్వమని బతిమాలినా, డజను తీసుకోమని మర్యాదగా చెప్పి పంపేస్తాం. (ఈ నియమాన్ని మేము మా మీద కూడా అమలు చేసుకుంటాం. మా వీధి గుమ్మం తాళం పోయినప్పుడు డజనే తెచ్చాను. మిగిలినవాటికి తలుపులు దొరకాల్సి ఉంది.)

ఇక కారు సంగతి. మోడలు పేరు చెప్పను. తయారుచేసిన కంపెనీయే దాని పేరెత్తడం మానేసి చాలా కాలమైంది. కాగితాల మీద ఆ కారు నాది. నడిపేది మాత్రం నా భార్య కస్తూరి. యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, స్నేహితురాలు విజితో కలిసి తిరువొత్తియూరులో స్కూలు యూనిఫారాలు కుట్టించే చిన్న యూనిట్ పెట్టింది. బజారు నుంచి గుడ్డ తానులు అక్కడికి చేర్చేదీ, కుట్టిన మూటల్ని స్కూళ్లకు అందించేదీ ఆ కారే. ఈ ఏడు మొదటిసారి ఒక పెద్ద స్కూలు మొత్తానికి ఆర్డరు దొరికింది. జూన్‌లో బడి తెరిచే నాటికి బట్టలు చేరకపోతే, ఆ ఆర్డరు మళ్లీ కస్తూరి గడప తొక్కదు. ఈ మాట ఆమె నాతో చాలాసార్లు చెప్పింది. నేను ప్రతిసారీ తలూపాను. (తలూపడం వేరు, వినడం వేరు. పెళ్లయిన మగవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు.)

మే నెల కత్తిరి ఎండలు మొదలైన వారంలో, తండయార్‌పేట సిగ్నల్ దగ్గర, ఇంజిను గట్టిగా అరిచింది గానీ కారు కదల్లేదు. వెనకాల బస్సులు హారన్లతో తమ అభిప్రాయం చెప్పాయి. మా వీధి మెకానిక్ కాళిముత్తు వచ్చి, కారుకు తాడు కట్టి తన షెడ్డుకు లాక్కెళ్లాడు. కిందికి దూరాడు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మా ఇద్దరికీ తీర్పు వినిపించాడు.

"గేర్‌బాక్సు పోచ్చు సార్."

(అరవంలో పోయింది అని అర్థం. ఈ ఊళ్లో డాక్టర్లూ, మెకానిక్కులూ, కరెంటు ఆఫీసువాళ్లూ ఈ ఒక్క మాటతోనే సర్వీసు పూర్తిచేసి రిటైరవుతారు.)

దారులు మూడున్నాయన్నాడు. కంపెనీ నుంచి కొత్తది తెప్పించవచ్చు. ఉన్నదాన్నే విప్పి బాగుచేయవచ్చు. లేదా, తుక్కుకు పోయిన అదే మోడలు కారు నుంచి తీసిన పాతది ఒకటి కొని బిగించవచ్చు.

"పాతది ఒకటి తెప్పిస్తే రెండు దినాల్లో బండి ఇచ్చేస్తా సార్" అన్నాడు.

"సరి, అదే చెయ్యి కాళిముత్తూ" అంది కస్తూరి.

ఈ వేగం నన్ను కలవరపెట్టింది. ఇంత పెద్ద విషయం రెండు మాటల్లో తేలిపోతే, ఇంటి యజమాని అనేవాడు దేనికి?

"ఆత్రపడబాక కస్తూరీ. ఇది బాగా ఆలోచించి చెయ్యాల్సిన పని" అన్నాను.

"ఆలోచించేదానికి ఏముండాది? గేరు పడలా. పెట్టె మార్చాల. అంతే గదా?"

పరిపాలనా అనుభవం లేనివాళ్లు అన్నింటికీ 'అంతే గదా' అంటారు. నేను ఆ సాయంత్రమే గేర్‌బాక్సు మార్పిడి నిర్ణయ సంఘాన్ని ఏర్పాటు చేశాను. అధ్యక్షుణ్ణి నేను. అభ్యంతరాల శాఖకు అధిపతి మా చిన్నాయన భక్తవత్సలం. ఆయనకు కారు నడపడం రాదు. కానీ పెళ్లి సంబంధమైనా, గోడకు రంగైనా, మా కుటుంబంలో మొదటి అభ్యంతరం చెప్పే హక్కు ఆయనదే. కస్తూరి ప్రత్యేక ఆహ్వానితురాలు. (ఆహ్వానితులకు ఓటు ఉండదు. కాఫీ బాధ్యత ఉంటుంది.)

"ఎవురో వాడి పారేసిన పెట్టె మనకేల రా కోదండం? కొత్తదే అడుగు" అని చిన్నాయన తొలి అభ్యంతరం నమోదు చేశాడు.

అడగడానికి కంపెనీవారి అధీకృత సేవా కేంద్రానికి వెళ్లాను. ఆ కేంద్రంలో ఏసీ చల్లదనం చూస్తే, ఇక్కడ కార్లకు కాదు, వాటి యజమానులకు చికిత్స చేస్తారని అనిపించింది. కస్టమర్ల సలహాదారు ప్రణతి, నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, నా పేరు చూసి సంతోషంగా తెలుగులోకి దిగింది.

"సార్, మీ మోడల్ మా సిస్టంలో లేదు సార్."

"కారు మా మెకానిక్ షెడ్డులో ఉండాది గదమ్మా."

"ఉండొచ్చు సార్. సిస్టంలో మాత్రం లేదు. మీరొకసారి కారు ఇక్కడికి నడుపుకుంటూ తీసుకొస్తే, ఎందుకు నడవట్లేదో చూసి చెప్తాం."

ఇంతకంటే సహేతుకమైన నియమం నేను వినలేదు. ఆమె చెప్పినట్టే ఫోన్‌లో వాళ్ల యాప్ దించుకున్నాను. కారు ఎప్పుడు తెస్తారని అది అడిగింది. 'ఇవాళ', 'తరువాత' అని రెండే జవాబులు. తరువాత అని నొక్కాను. నా నమ్మకానికి ధన్యవాదాలు చెప్పి, ఆ రోజు నుంచి ప్రతి ఉదయం నా ప్రయాణం ఎంత సుఖంగా ఉందో మార్కులు వేయమని అడగసాగింది. మొహమాటం కొద్దీ మంచి మార్కులే వేశాను.

చివరికి ప్రణతి ఎవరెవరినో అడిగి కొత్త గేర్‌బాక్సు ధర కనుక్కుంది. ఆ ధరకు మా కారుని, అందులో నన్నూ చిన్నాయననూ కూర్చోబెట్టి అమ్మినా సరిపోదు. మొదటి దారి మూసుకుపోయింది. ఉన్నదాన్ని బాగుచేయించడం మీద రెండో సమావేశం జరిగింది.

"ఒకసారి చెడినది మళ్ళా చెడదని ఏం గ్యారంటీ?" అన్నాడు చిన్నాయన. (ఈ సూత్రాన్ని ఆయన తన మోకాలి ఆపరేషన్‌కు వర్తింపజేయలేదు.)

ఆ విధంగా, సుదీర్ఘమైన చర్చల ఫలితంగా, సంఘం మూడో దారిని ఏకగ్రీవంగా ఆమోదించింది. అది కస్తూరి షెడ్డులోనే చెప్పిన దారి కదా అని కొందరు అనవచ్చు. ఆమె చెప్పినప్పుడు దాని మీద తగినంత చర్చ జరగలేదు. తేడా అక్కడ ఉంది.

ఈలోగా కస్తూరి షేర్ ఆటోలో, ఒళ్లో ఒక మూట, కాళ్ల దగ్గర ఒక మూట పెట్టుకుని తిరువొత్తియూరు పోయివస్తోంది. రాత్రి పూట కుడి భుజానికి బామ్ రాసుకుంటూ ఉంటే చూశాను. నాకు నిజంగా బాధ కలిగింది. మరుసటి సమావేశంలో ఆ బాధను నమోదు చేయించాను.

చిన్నాయనా నేనూ పుదుప్పేట పాత సామాన్ల బజారుకు బయలుదేరాం. ఒక అంగట్లో మా మోడలు గేర్‌బాక్సులు ఆరు, బజారు మొత్తంలో ఉన్నవన్నీ, వరసగా పేర్చి ఉన్నాయి. అంగడివాడు ఒకదాని రేటు చెప్పి, మా మొహాల్లో ఏం చూశాడో గానీ, అర డజను తీసుకుంటే రేటు వేరేనన్నాడు.

ఇక్కడ మామూలు మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒకటి కొనుక్కుని ఇంటికి పోతాడు. కానీ చిన్నాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఒగటా? చిల్లరగానా? మీ తాత పేరు చెప్పుకుని బతికేవోళ్లం రా మనం. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

నా ఒంట్లోని మూడు తరాల టోకు రక్తం ఔనంది. అర డజను గేర్‌బాక్సులు బండి మీద జార్జి టౌన్ చేరి, మా గోడౌన్‌లో తాళాల పెట్టెల పక్కన కొలువుదీరాయి. రేటు బాగా కలిసివచ్చిందని ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు కస్తూరి గోడౌన్‌కే వచ్చింది.

"ఏమండి, ఏదో ఒగటి కాళిముత్తుకి పంపించీండి."

"ఎంపిక జరగతా ఉండాది."

"అన్నీ ఒగటే గదా?"

"చూసేదానికి అట్లుంటాయి."

ఎంపిక బాధ్యత చిన్నాయన తీసుకున్నాడు. ప్రతి గేర్‌బాక్సునూ కొబ్బరికాయలా వేలితో కొట్టి, చెవి పెట్టి విని, తల పంకించాడు. ఆయన తల పంకిస్తున్న సమయంలోనే వణ్ణారపేట నుంచి తాళాలకు వచ్చిన ఒకాయన గోడౌన్‌లోకి తొంగిచూసి, ఆ పెట్టెలు అమ్మకానికా అని అడిగాడు. కాదు అనడానికి నోరు తెరిచాను. నోరు రేటు చెప్పింది. (ఈ నోరు ముప్పై ఏళ్లుగా వేరే పని చేయలేదు.) తాళాలకున్న డజను నియమం గేర్‌బాక్సులకు లేదు కాబట్టి ఒకటి పోయింది. కబురు మెకానిక్కుల్లో పాకింది. ఇంకోటి పోయింది, తరువాత మూడు కలిపి ఒకరే తీసుకున్నారు. ప్రతిసారీ, అమ్మినదే అన్నిటికన్నా మంచిదని చిన్నాయన ఆ తరువాత ప్రకటిస్తూ వచ్చాడు.

ఆఖరికి ఒకటి మిగిలింది. దాన్ని చూసి నాకు భయమేసింది. నా మీద నాకున్న భయం అది. వెంటనే అట్టముక్క మీద 'అమ్మకానికి కాదు' అని పెద్ద అక్షరాలతో రాసి దానికి కట్టాను. షెడ్డుకు పంపే ముందు చిన్నాయన మంచిరోజు చూస్తానన్నాడు కాబట్టి, రెండు రోజులు ఆగాం.

ఆ రెండు రోజుల్లోనే ఫోను వచ్చింది. అంబత్తూరులో లారీ షెడ్డు నడిపే దొరస్వామి అట. గేర్‌బాక్సు ఒకటి ఉందని విన్నాడట. అమ్మను అన్నాను. ఎంతైనా సరే చెప్పమన్నాడు. అతన్ని తరిమేయడం కోసం, నాకే కళ్లు తిరిగే రేటు చెప్పాను.

"సరే సార్, మనిషిని పంపుతా" అన్నాడు.

బేరం లేదు. బతిమాలడం లేదు. జార్జి టౌన్‌లో పుట్టి పెరిగినవాడికి ఇలాంటి గిరాకీ జీవితంలో ఒకసారి తగులుతుంది. అట్టముక్క నేనే విప్పాను.

ఆ సాయంత్రం నేతి మైసూరుపాకు పొట్లంతో ఇంటికి వెళ్లి, జరిగింది కస్తూరికి చెప్పాను. పుదుప్పేటకు సరుకు మళ్లీ వచ్చాక ఇంకో అర డజను చూస్తామని, ఈసారి ముందే ఒకటి పక్కన పెడతామని హామీ ఇచ్చాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మైసూరుపాకు ఒక ముక్క తిని, "మంచి గిరాకీనే దొరికినాడే" అని తన కుట్టుపనిలో పడింది. ఎంత ఓర్పుగల మనిషి అని మనసులో మెచ్చుకున్నాను.

మూడో రోజు పొద్దున నేను గుమ్మంలో పేపరు చదువుతుండగా మా కారు వచ్చి ఆగింది. కస్తూరి నడుపుతోంది. గుమ్మంలో తను పెట్టి వెళ్లిన టిఫిన్ క్యారియరు తీసుకోవడానికి ఇంజిను ఆపకుండానే దిగింది.

"గేర్‌బాక్సు యాడిది?" అన్నాను.

"మీదే. దొరస్వామి కాళిముత్తు బామ్మర్ది."

పేపరు మడిచి పక్కన పెట్టాను.

"నన్నడిగుంటే ఊరికే ఇచ్చుంటా గదా కస్తూరీ?"

"మిమ్మల్ని అడగతా నెల అయింది."

"అంత డబ్బు యాడిది నీకు?"

"స్కూలోళ్లు ఇచ్చిన అడ్వాన్సు."

నాకు సిగ్గేసింది. చెప్పుకోకూడదు గానీ, చాలా సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా నాలోని వ్యాపారి ఊరుకోలేదు.

"పోనీ, బేరమన్నా ఆడుండొచ్చు గదా! అంత రేటుకా కొనేది?"

"బేరమాడితే మీరు మళ్ళా మీ చిన్నాయన్ని పిలిచి మీటింగు పెడతారు. ఎల్లుండి బడి తెరస్తా ఉండారు" అంది. అందులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

"నేనూ వస్తా ఉండు. మూటలు మోస్తా."

"ఆడ మనుషులుండారు. వచ్చేటప్పుడు సీట్లన్నీ మూటలే, మీకు చోటుండదు."

గేరు మెత్తగా పడింది. కారు సందు మలుపు తిరిగింది. అంత మంచి పెట్టె మా గోడౌన్‌లో ఇంకోటి లేదని చిన్నాయన తరువాత ధ్రువీకరించాడు.

ఆ బేరంలో వచ్చిన లాభం మా అంగడి గల్లాపెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని కస్తూరికి తిరిగి ఇచ్చేయాలని నేను ఆ సాయంత్రమే ప్రతిపాదించాను. చిన్నాయన అభ్యంతరం మేరకు, విషయం ప్రస్తుతం సంఘం పరిశీలనలో ఉంది.