సీసాలో పైడితల్లి ‘వద్దు’

మందుల పరీక్షలో చేరేవాళ్ల ‘వద్దు’ని ఎవరూ లాక్కోకుండా కాపాడాలని నిబంధన వచ్చాక, పరిశోధన కేంద్రంవాళ్లు ఒప్పుకోలు పత్రం మీద వేలిముద్ర పడగానే దాన్ని గొంతులోంచి తీసి, సీసాలో పెట్టి, బీరువాలో భద్రం చేస్తున్నారు. నొప్పేమీ ఉండదు. రెండు నిమిషాల పని, ఆపైన కాఫీ ఇస్తారు.

పైడితల్లి జాకెట్లు కుట్టుకునే మనిషి. కీళ్లనొప్పుల మందుకని చేరింది. ముప్పై రెండు పేజీల పత్రం చదివి వినిపించి, అర్థమైందా అని అడిగారు. అయిందనే అంది. చదువుకున్నవాళ్లు అంతసేపు కష్టపడి చదివాక కాలేదనడం మనవైపు మర్యాద కాదు కదా.

రెండో ఇంజెక్షన్‌కి కుడిచెయ్యి వణకడం మొదలైంది. సూదిలోకి దారం ఎక్కడం లేదు. మూడోది కూడా పడితే ఇక కుట్టుమిషను మూసుకోవడమేనని భయం వేసి, తన ‘వద్దు’ వెనక్కి అడుగుదామని వచ్చింది.

బీరువా గుమాస్తా జగ్గారావు మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తీసుకోవచ్చమ్మా. అది మీ హక్కు. ఇచ్చేముందు మూడుసార్లు అడగాలి, అంతే. పరీక్షలో కొనసాగుతారా?”

కొనసాగనని చెప్పడానికి కావలసింది బీరువాలో ఉంది.

“అలాగే బాబూ,” అంది పైడితల్లి.

రెండోసారీ అదే అంది, మూడోసారీ అదే. ‘స్వచ్ఛందంగా కొనసాగుతున్నారు’ అని రాసుకున్నాడు జగ్గారావు. పాపం, అతనికీ బాధేసింది.

“పోనీ ఒక్కపాలి సూపించండి బాబూ. ఉందో నేదో.”

బీరువా తెరిచాడు. సీసా మీద ఆమె పేరుంది, మూతకి సీలుంది, ఎక్కడా దుమ్ము లేదు. ప్రతి సోమవారం తుడుస్తారట. పెళ్లినాడు ఆ ‘వద్దు’ని ఎవరూ అడగలేదు. నాలుగో కానుపప్పుడు అడక్కుండానే చెప్పింది గానీ ఎవరూ వినలేదు. పైడితల్లికి ప్రాణం కుదుటపడింది.

“మా ఇంట్లో దీన్ని ఇంత బాగా ఎవులు సూసినారు బాబూ,” అంది.

“నాది ఆ పై అరలో ఉందమ్మా. ఉద్యోగంలో చేరిన రోజే ఇచ్చేశాను. పద్దెనిమిదేళ్లయింది, చెక్కుచెదరలేదు.”

ఇద్దరూ కాసేపు వాటికేసి చూశారు. లోపల్నించి నర్సు పిలిచింది. పైడితల్లి ఎడంచేత్తో కుడిచెయ్యి కదలకుండా పట్టుకుని, నిమ్మళంగా ఇంజెక్షన్ గదిలోకి వెళ్లింది.