నీళ్ల ఆఫీసులో లాటిన్

నీటి సరఫరా కార్యాలయంలో పనిచేసే యావన్మంది సిబ్బందీ ఇకమీదట లాటిన్ భాష నేర్చుకోవాలని ఉత్తర్వు వెలువడింది. నేర్చుకున్నవారిని కార్యాలయం అభినందిస్తుందనీ, నేర్చుకోనివారిని గురించి విచారిస్తుందనీ అందులో ఉంది. కార్యాలయం ఒకసారి విచారించిన మనిషి ఆ తర్వాత ఆ ఛాయల్లో కనబడిన దాఖలా లేదు గనక, అందరూ ఉత్సాహంగా పేర్లిచ్చారు.

ఈ ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. పెద్దాఫీసరుగారు ప్రజల ఫిర్యాదులను స్వయంగా పరిశీలించారు. జనం మళ్లీ మళ్లీ విచారణ కిటికీ దగ్గరికి రావడానికి కారణం నీళ్లు రాకపోవడం కాదని ఆయన పరిశీలనలో తేలింది. ఆఫీసు చెప్పే జవాబు వాళ్లకు అర్థం కావడమే అసలు కారణం. రేపు వస్తాయి అంటే రేపని అర్థం చేసుకుంటారు. ఎల్లుండి వచ్చి నిలదీస్తారు.

"మిత్రులారా!" అన్నారాయన ప్రారంభ సభలో, బల్లమీది గ్లాసులో నీళ్లు ఒక గుక్క తాగి. "అందరికీ తెలిసిన భాషలో జవాబులు చెప్పి చెప్పి మనం చులకనైపోయాం. మందుల చీటీ మనకు అర్థమయ్యేలా రాసే డాక్టరును మనం నమ్ముతామా? లాటిన్ మహోన్నతమైన భాష. అది మాట్లాడుకునే ఊరు భూమ్మీద ఒక్కటీ లేదు. అంటే మన తప్పు పట్టేవాడు కూడా లేడు. ప్రభుత్వ కార్యాలయానికి ఇంతకన్నా క్షేమమైన భాష ఏముంటుంది?"

చప్పట్లు మోగాయి. వెనక వరుసలో కూర్చున్న చిన్న గుమాస్తా కూడా కొట్టింది. ఆవిడ విచారణ కిటికీ దగ్గర తాత్కాలిక ఉద్యోగి. లాటిన్ పరీక్ష నెగ్గితే ఉద్యోగం ఖాయం, తప్పితే కిటికీ అవతల నిలబడాల్సి వస్తుంది. చప్పట్లు కొట్టడంలో ఆవిడ లోటేమీ చేయలేదు.

పాఠశాలగా మీటర్ల గదిని కేటాయించారు. పాడైన మీటర్లను గోడవారకి నెట్టి, పైపుల కట్టలమీద చెక్కలు పరిచి బెంచీలు చేశారు. ఎవరు కదిలినా కింద పైపులు గణగణమనేవి. దానితో ఎవరు కునుకుతున్నారో, ఎవరు శ్రద్ధగా ఉన్నారో మాస్టారికి తిరిగి చూడకుండానే తెలిసిపోయేది. చప్పుడు చేయనివాళ్లే కునికేవాళ్లు.

మాస్టారు పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. జీవితంలో మొదటిసారి గది నిండా శిష్యులను చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "బాబూ, మీకు ఏ గ్రంథం చదవాలని కోరిక?" అని అడిగారు ఆప్యాయంగా. "చదవడానికి కాదండీ, కిటికీ దగ్గర చెప్పడానికి" అన్నాడు పెద్ద గుమాస్తా. మాస్టారు నల్లబల్ల వైపు తిరిగి, మొదటి పాఠం మొదలుపెట్టారు.

మొదటి పాఠంలో రైతు, నావికుడు, రాణి, అమ్మాయి, గులాబీ, నీరు ఉన్నాయి. పైపు లేదు, వాల్వు లేదు, లీకు లేదు. ఆ ఊళ్లో నావికుడు గాని రాణి గాని ఏనాడూ కాలుపెట్టలేదు. అయినా ఎవరూ నిరుత్సాహపడలేదు. ఉన్న మాటలతోనే పని జరిపించడం ఆ ఆఫీసుకు కొత్తేమీ కాదు.

ఈ భాషలో ఒకే మాట తాను నిలబడ్డ చోటును బట్టి తోక మార్చుకుంటుందని మాస్టారు భయం భయంగా చెప్పారు. ఎక్కడైనా విద్యార్థులు బెదిరిపోయేది ఇక్కడేనట. కాని ఆఫీసువాళ్లకు అది ఇట్టే అర్థమైంది. ఆఫీసరు ముందు ఒక రూపం, తోటివాడి ముందు ఒక రూపం, జనం ముందు ఇంకో రూపం. ఇందులో కష్టమేముంది? అన్నిటికన్నా ముందు వాళ్లకు పట్టుబడింది సంబోధన. ఇంత చురుకైన శిష్యులు తనకెన్నడూ దొరకలేదని మాస్టారు పొంగిపోయారు.

కాదు, లేదు అనే అర్థం వచ్చే మాటలు మాత్రం పెద్దాఫీసరుగారి ఆజ్ఞ మేరకు పాఠాల నుంచి తొలగించారు. అలాంటి మాట ఏ భాషలో అన్నా కార్యాలయ గౌరవానికి భంగమే. పుస్తకాల్లో ఆ పేజీలను స్టేప్లరుతో మూసేశారు. చిన్న గుమాస్తా పుస్తకానికి మూడుచోట్ల పిన్నులు పడ్డాయి.

ఇక స్పానర్ బాబాయ్ సంగతి చెప్పాలి. వాల్వులు తిప్పే ఫిట్టరు. ఏ ఇంటికి వెళ్లినా చేతిలో స్పానరుతోనే కనబడతాడు గనక వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. తరగతులు మొదలైన పొద్దున ఆయన చిన్న గుమాస్తా ఉండే వీధి మలుపులో వాల్వు మూసి, వాషరు మారుస్తున్నాడు. అంతలో కబురొచ్చింది, ఉన్నవాళ్లు ఉన్నట్టే తరగతికి రావాలని. వాషరు వేశాడు. తిరిగి తిప్పడానికి ఒక్క క్షణం పట్టేది. ఉత్తర్వులో ఆ క్షణం లేదు. ఉన్నవాడు ఉన్నట్టే వచ్చేశాడు.

ఆ వీధిలో నీళ్లు ఆ రోజునుంచి ఆగిపోయాయి.

చిన్న గుమాస్తా ఇల్లు మూడో అంతస్తులో. కింది వీధి చివర చేతిపంపు. ఇంట్లో మోయగల మనుషులు ఇద్దరు: ఆవిడ, ఆవిడ అత్తగారు. మొగుడు బస్సు కండక్టరు. తెల్లవారకముందే వెళ్లి, నీళ్లన్నీ మోయడం అయ్యాక వచ్చేవాడు. అత్తగారిని వీధిలో మిలిటరీ అత్త అంటారు. ఆవిడ మోకాళ్లు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి.

"బాబాయ్, మీకు పుణ్యముంటుంది. ఒక్కసారి ఆ వాల్వు తిప్పేసి రాకూడదూ?" అని చిన్న గుమాస్తా పాఠం మధ్యలో గొంతు తగ్గించి అడిగింది.

"నాకు మాత్రం తిప్పాలని లేదా అమ్మా? ఈలోగా హాజరు తీసేస్తేనో? పరీక్ష అయ్యేదాకా పనికి వెళ్లినవాడు పని ఎగ్గొట్టినట్టే లెక్కేస్తారట."

"పోనీ ఆ స్పానరు ఇవ్వండి, నేనే తిప్పుకుంటాను."

"అమ్మమ్మో! నా పేరున ఇచ్చిన సామాను అది. మీరు తిప్పితే నీళ్లొస్తాయి, నా ఉద్యోగం పోతుంది." ఆయన స్పానరున్న సంచీని కాళ్లతో బెంచీ కిందికి ఇంకాస్త నెట్టుకున్నాడు. పైపులు గణగణమన్నాయి. శ్రద్ధగా వింటున్నందుకు మాస్టారు ఇద్దరినీ మెచ్చుకున్నారు.

ఇంట్లో మిలిటరీ అత్తది రోజూ అదే మాట. "నీళ్ల ఆఫీసులో కోడలుంది, ఇంట్లో చుక్క నీళ్లు లేవు. నలుగురికీ చెప్పుకోవాలంటేనే సిగ్గుగా ఉందే!"

"అత్తయ్యా, ఇంట్లో అడిగితే నేనేం చెప్పను? అడగాల్సింది కిటికీ దగ్గర" అని విసుగులో ఒకసారి నోరు జారింది చిన్న గుమాస్తా. ఆ తర్వాత రెండు చేతులా బకెట్లతో మెట్లెక్కుతూ పాఠం వల్లించుకుంది. మెట్టుకో రూపం చెప్పుకుంటే నీళ్లు తొణకడం లేదని కనిపెట్టింది. నిజం చెప్పాలంటే, ఆ భాష మీద ఆవిడకు కాస్త ఇష్టం కూడా ఏర్పడింది. ఆ మాటలు ఎవరినీ తిట్టేవి కావు.

పరీక్ష రోజు వచ్చింది. కాగితం పరీక్ష కాదు. ఒక్కో అభ్యర్థి కిటికీ దగ్గర కూర్చుని, వచ్చిన ఫిర్యాదుదారుకు లాటిన్‌లో మాత్రమే జవాబు చెప్పాలి. ఆ మనిషి మారు ప్రశ్న అడక్కుండా వెళ్లిపోతే ఉత్తీర్ణత. పెద్దాఫీసరుగారు వెనకే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

ముందు పెద్ద గుమాస్తా. దుకాణంలో నీళ్లు లేక సగం గడ్డాలతో మనుషుల్ని పంపించేస్తున్నానని మంగలి మొరపెట్టుకున్నాడు. పెద్ద గుమాస్తా గొంతు సవరించుకుని, "నౌతా రేగీనై రోసమ్ దత్" అన్నాడు. నావికుడు రాణికి గులాబీ ఇస్తున్నాడని దాని భావం. మంగలి చేతులు జోడించాడు. "అంత పెద్ద మాట అన్నారంటే పైస్థాయిలో ఏదో కదిలినట్టే" అని వరుసలో ఉన్నవాళ్లకు చెప్పుకుంటూ పోయాడు. ఉత్తీర్ణత. ఆ తర్వాత కూర్చున్న అందరి నోటా నావికుడు రాణికి అదే పనిగా గులాబీలు ఇస్తూనే ఉన్నాడు. అందరూ ఉత్తీర్ణులయ్యారు.

చిన్న గుమాస్తా వంతు వచ్చింది. కిటికీ కన్నంలోంచి ముందుగా ఒక ఖాళీ బకెట్ కనిపించింది. దాని వెనక మిలిటరీ అత్త.

"ఏమే, నువ్వే ఉన్నావా? మంచిదే. కిటికీ దగ్గర అడగమన్నావుగా, మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాను. చెప్పు, నీళ్లెప్పుడొస్తాయి?"

చిన్న గుమాస్తా వెనక కుర్చీ వైపు ఒకసారి చూసింది. నావికుడి మాట అనేసి ఊరుకోవచ్చు. కాని ఆ మోకాళ్లను రోజూ మెట్ల మీద చూస్తూ, ఆ ముఖంలోకి చూసి గులాబీ అనడానికి నోరు రాలేదు. లేవు అందామంటే ఆ పేజీకి పిన్నులు పడ్డాయి. వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. తనకు వచ్చిన మాటల్లో అబద్ధం కానివి ఏరుకుంటే మూడు మిగిలాయి.

"పుయెల్లా అక్వమ్ పోర్తత్" అంది.

మిలిటరీ అత్త బకెట్ కింద పెట్టింది. "మళ్లీ అను."

"పుయెల్లా అక్వమ్ పోర్తత్."

వరుస అంతా మెడలు సాచి చూసింది. ఎవరో టోపీ తీశారు. మిలిటరీ అత్త వెనక్కి తిరిగింది. "విన్నారా? మా కోడలు! డాక్టర్ల భాష! తడబడకుండా ఎలా చెప్పిందో చూశారా? నిన్నటిదాకా దీన్ని ఎన్ని మాటలన్నానో!" కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఖాళీ బకెట్ ఊపుకుంటూ, మారు ప్రశ్న అడక్కుండా వెళ్లిపోయింది.

ఫిర్యాదుదారు సంతృప్తితో వెనుదిరిగినట్లు పెద్దాఫీసరుగారు నమోదు చేయించారు. ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రం ఇద్దరూ చేతిపంపు దగ్గర నీళ్లు నింపుకుని మెట్లెక్కారు. రెండో అంతస్తు మలుపులో మిలిటరీ అత్త రొప్పుతూ ఆగింది. "అవునే, ఇంతకూ పొద్దున నువ్వన్నదానికి అర్థమేమిటి?"

చిన్న గుమాస్తా తల దించుకుంది. "అమ్మాయి నీళ్లు మోస్తోంది అని, అత్తయ్యా."

అత్తగారు కోడలి చేతిలో బకెట్ చూసింది. తన చేతిలోది చూసుకుంది. కోడలు తిట్లకు సిద్ధపడి నిలబడింది.

"ఆ కిటికీ దగ్గర ఇన్నేళ్లలో నేను విన్న మొదటి నిజం ఇదేనే" అంది మిలిటరీ అత్త చివరికి. "అయితే అమ్మాయొక్కతే మోస్తోందా? అత్త కూడా మోస్తోందని చెప్పలేకపోయావా?"

"అత్త అనే మాట ఇంకా రాలేదండీ. రెండో పుస్తకంలో ఉందట."

"అయితే రెండో పుస్తకం కూడా చదువు."

ఆ వాక్యం మర్నాటికల్లా వీధంతా పాకింది. చేతిపంపు దగ్గర ఒకరు "పుయెల్లా?" అంటే, బకెట్ ఎత్తుకుంటూ ఇంకొకరు "పోర్తత్!" అనేవారు. కారులో ఆ దారిన వెళుతున్న పెద్దాఫీసరుగారు అద్దం దించి విని పులకించిపోయారు. సామాన్య ప్రజానీకం బకెట్లు మోస్తూ సైతం లాటిన్‌లో సంభాషిస్తున్నదని పైకి నివేదిక పంపారు. పైవాళ్లు మెచ్చుకుని రెండో పుస్తకం మంజూరు చేశారు. పరీక్షలో మొదటి స్థానం స్పానర్ బాబాయ్‌కి వచ్చింది. అంతటి పండితుడి చేతికి స్పానరు ఇవ్వడం భాషకే అవమానమని భావించి, ఆయన్ని మాస్టారికి సహాయకుడిగా నియమించి, సంచీని స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు.

ఇంతవరకూ ఓపిగ్గా చదివిన పాఠకులకు కూడా ఈపాటికి లాటిన్‌లో ఒక వాక్యం వచ్చేసి ఉంటుంది. కొందరు పైకి అని చూసుకున్నారు కూడా. చాలా సంతోషం. మలుపులో మూసిన వాల్వు చివరికి ఎవరైనా తిప్పారా లేదా అని మీలో ఒక్కరూ అడగలేదు గనక, మీరంతా సంతృప్తితో వెనుదిరిగినట్లు కార్యాలయం నమోదు చేసుకుంది.