ఏ ఆటలో తగిలిన దెబ్బ?

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్ళో తెలుగు మగవాళ్ళ ఆరోగ్యం ఈ ఏడాది గణనీయంగా మెరుగుపడిందని తెలియజేయడానికి మా తెలుగు సమితి సంతోషిస్తోంది. ఉగాది నుంచి ఆగస్టు దాకా పదకొండు మందికి ఎముకలో, కీళ్ళో, కండరాలో దెబ్బతిన్నాయి. నిరుడు ఈ సంఖ్య రెండే. అంటే కనీసం తొమ్మిది మంది కొత్తగా కుర్చీల్లోంచి లేచారన్నమాట.

వీరిలో అగ్రగణ్యుడు శ్యామ్‌సుందర్. వయసు నలభై ఆరు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ డేటాబేసులు చూసుకుంటాడు. సోమవారం నుంచి శనివారం దాకా అతను నడిచే దూరం బేస్‌మెంట్‌లోని కుర్చీకీ వంటగదిలోని కాఫీకీ మధ్య ఉంటుంది. ఆదివారం ఉదయం మాత్రం మా క్రికెట్ జట్టుకు కెప్టెన్. జూలై చివర్లో ఒక ఆదివారం అతను బంతిని మెల్లగా పక్కకి నెట్టి, లేని పరుగు కోసం బయల్దేరాడు. మూడో అడుగులో మడమ వెనక ఎవరో గట్టిగా తన్నినట్టయింది. కిందపడి, వికెట్ కీపర్‌తో గొడవకు దిగాడు. కీపర్ పది గజాల దూరంలో ఉన్నాడు. మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగిందని, ఆపరేషన్ చేయాలని ఎమర్జెన్సీలో డాక్టర్ చెప్పేదాకా శ్యామ్‌సుందర్ కీపర్ మీద అనుమానం వదులుకోలేదు. అతను రనౌట్ కూడా అయ్యాడన్న సంగతి స్కోరర్లు మర్యాదకొద్దీ రాయలేదు.

ఆపరేషన్ తర్వాత అతని హోదా పెరిగింది. కాలికి మోకాలి దాకా నల్లబూటు, మోకాలు ఆనించి తోసుకుంటూ పోవడానికి నాలుగు చక్రాల స్కూటర్. ఏ గృహప్రవేశానికి వెళ్ళినా అతనికి పెద్ద సోఫా ఖాళీ చేసి ఇచ్చేవారు. కథ చెప్పమనేవారు. ప్రతి ఇంట్లోనూ బౌలర్ వేగం కొంచెం పెరిగింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఆ బంతి బౌండరీ దాటింది. బౌండరీ దాటిన బంతికి పరుగెత్తడం ఎందుకని ఎవరూ అడగలేదు. మోకాలికి వట్టి పట్టీ కట్టుకున్నవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అసూయగా విన్నారు.

శ్యామ్‌సుందర్ భార్య పేరు రేణు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తుంది. మా సమితి ఆహార విభాగానికి అధ్యక్షురాలు, సభ్యురాలు కూడా ఆవిడే. ఏ పండగొచ్చినా రెండు వందల మందికి పులిహోర కలపడం, ఆ గిన్నెల్ని గరాజ్ నుంచి వ్యాన్‌లోకి, వ్యాన్ నుంచి హాల్లోకి మొయ్యడం ఆవిడ పని. ఆగస్టు నుంచి మొగుడి స్కూటర్ కూడా వ్యాన్‌లోకి ఎక్కించడం, దింపడం మొదలుపెట్టింది. ఎక్కించేటప్పుడు శ్యామ్‌సుందర్ తలుపు పట్టుకుని సహకరించేవాడు.

ఇంతమంది దెబ్బతిన్నాక ఊరుకుంటే బాధ్యతారాహిత్యమవుతుందని మా అధ్యక్షులు రాఘవులు గారు భావించారు. ఆగస్టు ఆఖరి శనివారం ఎముకలు, కీళ్ళు, కండరాల అవగాహన దినంగా ప్రకటించారు. వేదిక మీద పదకొండు కుర్చీలు, పదకొండు శాలువాలు. ఇక్కడే పుట్టి పెరిగి ఫిజికల్ థెరపిస్ట్ అయిన అనికకి ఉపన్యాసానికీ భోజనానికీ మధ్య ఐదు నిమిషాలు కేటాయించారు.

రాఘవులు గారు ఇలా అన్నారు: "మన తాతలు పొలాల్లో నడుం వంచారు. మన తండ్రులు ఫైళ్ళ మీద వంచారు. మనం కీబోర్డుల మీద వంచాం. ఇదిగో, ఈ పదకొండు మంది వంచడంతో సరిపెట్టుకోకుండా, విరుచుకున్నారు. ఇదే జాతి పురోగతి."

ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. అంతసేపు కూర్చోవడం వల్ల ఇద్దరు సన్మానితులు శాలువా అందుకోవడానికి లేవలేకపోయారు.

తర్వాత అనిక మైకు తీసుకుంది. "అంకుల్స్, ఆంటీస్, నా తెలుగు కొంచెం బ్యాడ్, సారీ. మీరు వీక్ అంతా కూర్చుంటారు. సండే మార్నింగ్ సడన్‌గా ట్వంటీ ఇయర్స్ అవుతారు. కానీ మీ బాడీకి ఆ విషయం ఎవరూ చెప్పలేదు. ముందు టెన్ మినిట్స్ వార్మప్ చేయాలి. ఓకే, అందరూ రెండు హ్యాండ్స్ పైకి ఎత్తండి."

వేదిక మీద ఇరవై రెండు చేతులు సగర్వంగా లేచాయి. హాల్లోనూ లేచాయి. వెనక భోజనాల బల్ల దగ్గర రేణు గరిటె పక్కన పెట్టి తనూ ఎత్తింది. ఎడమ చెయ్యి పైకి వెళ్ళింది. కుడి చెయ్యి ఛాతీ దగ్గర ఆగిపోయింది. అనిక వేదిక దిగి నేరుగా ఆవిడ దగ్గరికి నడిచింది.

"ఆంటీ, ఇంకొంచెం పైకి వెళ్తుందా?"

"ఇంతే అమ్మా. ముందు భోజనాలు పెట్టేస్తాను, లేటవుతోంది."

"ఎప్పటి నుంచి ఇలా?"

"న్యూ ఇయర్ పార్టీకి గిన్నె దింపుతుంటే కలుక్కుమంది."

అంటే ఎనిమిది నెలలు. పక్కనే నిలబడ్డ పదేళ్ళ కూతురు కృతి మిగతాది చెప్పింది. "అమ్మ హ్యాండ్ పైకి రాదు. నాకు జడ వెయ్యలేదు. సో నేను హెయిర్ కట్ చేయించుకున్నా."

అది బళ్ళో ఫ్యాషనని శ్యామ్‌సుందర్ అంతవరకు నమ్ముతూ వచ్చాడు. అతను స్కూటర్ తోసుకుంటూ వచ్చి, నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్పానండీ. మీరు జట్టు సెలెక్ట్ చేస్తున్నారు. మళ్ళీ చెబుదామనుకునేసరికి మీ కాలు తెగింది."

ఈ మాటలు అనిక చేతిలోని మైకులోంచి హాలంతా వినిపించాయి. పరిస్థితి గమనించిన రాఘవులు గారు వెంటనే వందన సమర్పణ చేశారు.

స్కానింగులో భుజంలో కండరం చిరిగిందని, కదల్చక కీలు కూడా బిగుసుకుందని తేలింది. ఇంకో ఏడాది ఇలాగే మోస్తే ఆపరేషన్ చేసినా చెయ్యి పూర్తిగా రాదని, పన్నెండు వారాలు కాఫీ కప్పు కంటే బరువైనది ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు. ఆ సాయంత్రం శ్యామ్‌సుందర్ గరాజ్‌లోకి వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడి, పెద్ద గిన్నెని ఖాళీగానే ఎత్తి చూశాడు. వెంటనే దించేశాడు. చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు.

ప్రతి మంగళవారం ఇద్దరూ ఒకే క్లినిక్‌కి వెళ్ళేవారు. అతను మడమలెత్తి దించుతుంటే, ఆవిడ గోడ మీద వేళ్ళతో అంగుళం అంగుళం పైకి పాకించేది. తిరుగు దారిలో అతను ఆవిడకి ఎక్కడ నొప్పో అడిగాడు. మొదటి మంగళవారం భుజం గురించి చెప్పింది. రెండో మంగళవారం నుంచి మిగతావి చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరాక కూడా వ్యాన్ దిగకుండా అతను విన్నాడు. తొమ్మిదో వారంలో రేణు పై అరలోని ఏలకుల డబ్బాని తనే అందుకుంది. ఆ రోజు టీ బాగా కుదిరిందని మాకు సమాచారం.

ఈలోగా సమితికి పాలనాపరమైన చిక్కు వచ్చింది. మా గాయాల రిజిస్టర్లో "ఏ ఆటలో తగిలింది" అన్న గడి ఉంది. అది నింపనిదే పేరు ఎక్కదు. రేణు ఏ ఆటా ఆడలేదు. మూడు సమావేశాలు జరిపాం. చివరికి రాఘవులు గారు వంటని క్రీడగా ప్రకటించి రేణు పేరు ఎక్కించారు. హర్షధ్వానాలు మిన్నంటాయి.

క్రీడ అన్నాక మగవాళ్ళు ఊరుకుంటారా? వారం తిరక్కుండా ఆరు జట్లతో పులిహోర లీగ్ ఏర్పడింది. జెర్సీలు కుట్టించారు. దీపావళికి రెండు వందల మందికి మగవాళ్ళే వండారు. శ్యామ్‌సుందర్ జట్టు గిన్నె ఎత్తే ముందు పది నిమిషాలు వార్మప్ చేసి, ఎవరికీ దెబ్బ తగలకుండా కప్పు గెలిచింది. రేణు కుర్చీలో కూర్చుని, వేడిగా ఉండగానే తిన్నది. పదేళ్ళలో అదే మొదటిసారట. రాఘవులు గారు దీన్ని సామాజిక విప్లవంగా అభివర్ణిస్తూ అరగంట మాట్లాడారు. మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

అంత వంటయ్యాక గిన్నెలు ఎవరో ఒకరు తోమాలన్న ఆలోచన మాలో ఏ ఒక్కరికీ రాలేదు. రాఘవులు గారి భార్య పద్మజ గారూ, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ చెప్పా పెట్టకుండా తోమేసి వెళ్ళిపోయారు. మా సంగతి సరే. ఇందాక పులిహోర దగ్గర చదువుతూ మీరూ మనసులో చప్పట్లు కొట్టారు కదా, మీకైనా ఆ ఆలోచన వచ్చిందా?